రేకుల షెడ్డు జివ్వుమంటోంది, మరిదితో మాటలు ఆగిపోయాయి

చిత్తూరు దగ్గరి ఒక పల్లె నుంచి ఒక పాడి రైతు ఇల్లాలు రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. మూడేళ్ల కిందట అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు ఈమె భర్తకు రెండెకరాలు వచ్చాయి. ఆ పొలం పక్కనే 220 కేవీ (అంటే 2 లక్షల 20 వేల వోల్టుల) టవర్ల లైను పోతుంది. పంపకాలకు ముందు నుంచే ఆ లైను ఉంది. నిరుడు డ్వాక్రా అప్పుతో 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున షెడ్డు వేశారు. రాతి కూసాలు, వాటి మీద సరుగుడు వాసాలు, పైన ఇనుప రేకులు. ఆరు ఆవులు. చివరి తీగకూ షెడ్డుకూ మధ్య అడ్డంగా కొలిస్తే పది మీటర్లు.

ఎండాకాలంలో రేకు అంచు చేతికి తగిలితే "చీమ కుట్టినట్టు చిటుక్కుమంటాది, ఆనక జివ్వుమంటా ఉంటాది" అని రాశారు. టెస్టర్ పెడితే వెలుగుతోంది. బట్టలారేసే ఇనుప తీగదీ అదే వరస. వానలు మొదలయ్యాక రేకు ఊరుకుంది. అప్పటి నుంచి ఆవులు తొట్టిలో మూతి పెట్టి వెంటనే వెనక్కి లాక్కుంటున్నాయి. రెండు ఆవులకు పూటకు రెండు లీటర్ల పాలు తగ్గాయి. కోడలికి ఐదో నెల. రేకులు కరెంటును లాగుతాయని ఒకరు, షెడ్డును కరెంటు తిరిగి వెళ్లే తీగ అయిన న్యూట్రల్‌కు కలిపేస్తే సరిపోతుందని ఊరి వైర్‌మ్యాన్ చెప్పారు. భర్త రేకుల మీద టార్పాలిన్ పరిచి, అంచులకు పాత సైకిల్ ట్యూబులు చుట్టారు. తమ్ముడు తెలిసే ఈ ముక్కను తనకు అంటగట్టాడని ఆయన కోపం. రెండు నెలలుగా అన్నదమ్ములకు మాటల్లేవు. "షెడ్డు పీకేయాలా, భూమి అమ్మేయాలా, కోడల్ని పుట్టింటికి పంపాలా? మరిది అంత పని చేస్తాడని నాకు నమ్మబుద్ధి కావడం లేదు" అని ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిందే. రేకు ఎండాకాలంలో కొట్టింది, తొట్టి వానాకాలంలో కొడుతోంది. రెండింటికీ ఆ టవర్ లైనే కారణమైతే రెండూ ఒకే కాలంలో రావాలి. కాబట్టి మీ షెడ్డులో రెండు వేరు వేరు తగాదాలున్నాయని నా అంచనా. మొదటిది బయటి లైను వల్ల వచ్చింది. రెండోది దాదాపుగా మీ సొంత వైరింగులోనే ఉంది. ఈ రెంటినీ కలిపి చూడటం వల్లే భూమి అమ్మే దాకా మాట వెళ్లింది.

ముందు రేకు సంగతి. పొడి జుట్టు దువ్విన ప్లాస్టిక్ దువ్వెనను కాగితం ముక్కల దగ్గర పెడితే, తగలకుండానే ముక్కలు లేస్తాయి కదా. దువ్వెన మీద చేరిన విద్యుత్ ఆవేశం (చార్జి) తన చుట్టూ ఉన్న చోటంతా లాగుడు, తోపుడు పుట్టిస్తుంది. దాన్నే విద్యుత్ క్షేత్రం అంటారు. మీ పొలం పక్క తీగ కూడా అలాంటిదే, కాకపోతే అది సెకనుకు 50 సార్లు ధనం, రుణం మారుతూ ఉంటుంది. ఇనుములో కదలగలిగే ఎలక్ట్రాన్లు, అంటే రుణ ఆవేశం ఉన్న అతి చిన్న కణాలు, కోట్లకు కోట్లు ఉంటాయి. తీగ ధనంగా ఉన్న క్షణంలో అవి రేకు పైముఖానికి వస్తాయి, రుణంగా మారగానే అక్కడి నుంచి పారిపోతాయి. రేకు భూమికి కలిసి ఉంటే ఆ రాకపోకలు భూమిలోకీ భూమి నుంచీ చప్పుడు లేకుండా జరిగిపోతాయి. మీ రేకులు ఎండిన సరుగుడు మీద, ఎండిన రాయి మీద కూర్చున్నాయి. ఎలక్ట్రాన్లకు దారి లేదు. అందుకే రేకు మొత్తం భూమితో పోలిస్తే వందల వోల్టుల ఎత్తున నిలుస్తుంది. మీ వేలు తగిలిన క్షణంలో ఆ దారి మీ ఒంట్లోంచి తెరుచుకుంటుంది. చిటుక్కుమన్నది ఆ మొదటి రవ్వ, తర్వాతి జివ్వు ఆగకుండా సాగే చిన్న ప్రవాహం.

ఎంత చిన్నదో లెక్క కట్టొచ్చు. అలాంటి లైను పక్కన పది మీటర్ల దూరంలో క్షేత్రం మీటరుకు ఒకటి నుంచి రెండు కిలోవోల్టుల మధ్య ఉంటుందనుకుందాం. మీ షెడ్డు పైకప్పు దాదాపు 74 చదరపు మీటర్లు. ఆ రేకులన్నీ ఒకదానికొకటి కలిసి ఉన్నా, వాటి నుంచి భూమికి పారగలిగేది 0.2 నుంచి 0.4 మిల్లీ ఆంపియర్లు. ఆగకుండా పారే కరెంటు చేత్తో గట్టిగా పట్టుకున్న మనిషికి తెలియాలంటే సుమారు ఒక మిల్లీ ఆంపియర్ కావాలి, వేలి కొస ఆనీ ఆనకుండా తగిలితే మాత్రం అంతకన్నా తక్కువే జివ్వుమంటుంది. అందువల్ల రేకు మీద వోల్టేజీ ఎంత భయంగా కనిపించినా దాని వెనక సరుకు తక్కువ. అసలు ప్రమాదం మరో చోట ఉంది. నిచ్చెన మీద ఉన్న మనిషి ఆ చిటుక్కుకు ఉలిక్కిపడి కింద పడొచ్చు.

టెస్టర్ వెలగడం గురించి కూడా ఒక మాట. అందులోని చిన్న నియాన్ బల్బు వెలగడానికి మైక్రో ఆంపియర్లు చాలు. కాబట్టి అది "ఏదో ఉంది" అంటుందే తప్ప ఎంత ఉందో, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. తేల్చడానికి డిజిటల్ మల్టీమీటర్ కావాలి. ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొస రేకుకు, మరో కొస తడి నేలలో దిగగొట్టిన ఇనుప మేకుకు తగిలిస్తే వంద, రెండు వందలు చూపిస్తుంది. ఆ రెండు కొసల మధ్య 10 కిలో ఓముల రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే చిన్న భాగం) పెట్టి మళ్లీ చూడండి. లైను క్షేత్రం వల్ల వచ్చిందైతే అంకె రెండు నుంచి నాలుగు వోల్టులకు కూలిపోతుంది. ఇంటి ఫేజు, అంటే కరెంటు వచ్చే తీగ, తగిలిందైతే 200 పైనే నిలబడుతుంది, రెసిస్టర్ కాలిపోతుంది. అందుకే ఈ పరీక్ష మీరు చేయొద్దు, చేతికి గ్లవుజు వేసుకున్న ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

ఎండలో ఎక్కువ, వానలో తక్కువ ఎందుకు? తడిసిన కర్ర, తడిసిన రాయి కొద్దిగా విద్యుత్తును పారనిస్తాయి. ఇంత చిన్న కరెంటు భూమిలోకి జారిపోవడానికి ఆ కొద్దిపాటి దారే చాలు. మీ షెడ్డుకు ఎర్తింగు (రేకుల్ని తీగతో భూమికి కలపడం) ఎంత అవసరమో వాన వచ్చి మీకు చేసి చూపించింది.

టార్పాలిన్ గురించి మీవారికి నొప్పించకుండా చెప్పండి. ప్లాస్టిక్, రబ్బరు కరెంటు పారడాన్ని ఆపుతాయి, క్షేత్రాన్ని ఆపవు. అది వాటిలోంచి దాటుకుని రేకును చేరుతుంది. సైకిల్ ట్యూబు చుట్టిన చోట చేయి పెడితే తెలియదు, పక్కన పెడితే తెలుస్తుంది. పైగా టార్పాలిన్ గాలికి లేచి తీగల వైపు ఎగిరితే అది వేరే ప్రమాదం. దాన్ని ఈ వారంలోనే తీసేయండి.

రేకులు కరెంటును లాగుతాయన్న మాట తలకిందులు. లోహం తన లోపలి క్షేత్రాన్ని రద్దు చేసుకునేలా ఆవేశాలను సర్దుకుంటుంది. 1836లో మైకేల్ ఫారడే లోహపు తొడుగు వేసిన గది కట్టించి, బయట పెద్ద విద్యుత్ రవ్వలు పుట్టిస్తూ, లోపల ఏమీ తెలియదని చూపించాడు. మీ షెడ్డుకు గోడలు లేవు కాబట్టి అది పూర్తి గది కాదు. అయినా ఎర్తు చేసిన రేకు కింద నిలబడ్డ ఆవు, బయట ఎండలో మేసే ఆవు కన్నా చాలా తక్కువ క్షేత్రంలో ఉంటుంది. రేకులు పీకేసి తాటాకు వేసినా, గడ్డి కప్పినా ఆ గొడుగు పోతుంది.

ఇప్పుడు ఎర్తింగు. ఇక్కడ తప్పులు ఎక్కువ జరుగుతాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నా, పెయింటు, తుప్పు మధ్యలో ఉంటే ఒకదానికొకటి కలవవు. వాసాలు కర్రవి కాబట్టి రేకుల్ని వాసాలకు పట్టించే జె-బోల్టులు కూడా వాటిని కలపవు. ఒక్క రేకుకు ఎర్తు తీగ బిగించి వదిలేస్తే, పక్క రేకు మునుపటిలాగే కొడుతుంది, "ఎర్తింగు చేయించినా పనికి రాలేదు" అని మీరే అనుకుంటారు. షెడ్డు పొడవునా ఎనిమిదో నంబరు జీఐ (జింకు పూత పూసిన ఇనుము) తీగను ఒక అంచున ఒకటి, ఎదుటి అంచున ఒకటి లాగించండి. ప్రతి రేకు దగ్గర పెయింటు గీకించి, వెడల్పు వాషరు, నట్టు, బోల్టుతో బిగించి, పైన తుప్పు పట్టకుండా పెయింటు వేయించండి. రాగి తీగను నేరుగా జీఐ రేకుకు బిగించొద్దు. తడి తగిలితే ఆ అతుకు దగ్గర రేకు తొందరగా తినేస్తుంది.

ఎదురెదురు మూలల్లో రెండు ఎర్త్ గుంతలు చాలు. 40 మిల్లీమీటర్ల లావు, రెండున్నర మీటర్ల పొడవు జీఐ పైపు నిలువునా దింపి, చుట్టూ ఉప్పు, బొగ్గు పొరలుగా వేసి, పైన నీళ్లు పోయడానికి గరాటు పెట్టాలి. మన వైపు ఎర్రమట్టి కింద రాయి తొందరగా తగులుతుంది. ఆరడుగులకే రాయి వస్తే పనివాళ్లు పైపు కోసేసి మూసేస్తారు, దగ్గరుండి చూసుకోండి. అలాంటి చోట లోతుకు పోలేకపోతే తక్కువ లోతున పొడవాటి జీఐ పట్టీ పరిచి పూడ్చడం మేలు. రేకు జివ్వు ఆపడానికి మాత్రం ఎర్తు గొప్పగా ఉండనక్కర్లేదు. వంద ఓములున్నా 0.4 మిల్లీ ఆంపియర్లకు పుట్టేది 0.04 వోల్టు. మోటారు ఫేజు రేకుకు తగిలే రోజు కోసమే అది ఐదు ఓముల లోపు ఉండాలని అడగండి. ఎండాకాలంలో వారానికోసారి గుంతలో రెండు బిందెల నీళ్లు పోయండి.

పని వరస ముఖ్యం. ముందు తీగను ఎర్త్ పైపుకు బిగించి, ఆ తర్వాతే దాని రెండో కొసను రేకుకు తాకించాలి. అప్పుడు నిచ్చెన మీది మనిషికి చిటుక్కు తగలదు. నిచ్చెన వెదురుదే వాడండి. ఎర్త్ గుంతలను టవరు కాళ్లకు వీలైనంత దూరంగా తవ్వించండి, టవరు ఇనుముకు దేన్నీ కలపకండి. లైనులో లోపం వచ్చినా, పిడుగు పడినా టవరు కాళ్ల చుట్టూ నేల మీదే వేల వోల్టులు లేస్తాయి. అదే కారణంతో టవరు కాలికి ఆవును కట్టకూడదు.

వైర్‌మ్యాన్ చెప్పిన న్యూట్రల్ సలహా మాత్రం దయచేసి వినకండి. ఆ రోజుకు జివ్వు పోతుంది, నిజమే. కానీ స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ ఏదో గాలివానకు తెగిన రోజు, ఇంట్లో వెలుగుతున్న బల్బులోంచి ఫేజు తిరిగొచ్చి షెడ్డు మొత్తాన్ని 230 వోల్టులకు ఎక్కిస్తుంది. ఇది చీమ కాటు కాదు, మనుషుల్నీ పశువుల్నీ చంపే కరెంటు. ఇప్పటికే ఎవరైనా అలా కలిపి ఉంటే ఈ రోజే విప్పించండి.

ఇక తొట్టి. వానలో పెరుగుతోంది, అంటే తడి దానికి సాయపడుతోంది. లీకు కరెంటు లక్షణం అది. ఆవు మనకన్నా ఎక్కువ దొరికిపోతుంది. నాలుగు కాళ్లు తడి గచ్చు మీద, చెప్పుల్లేవు, తడి మూతి నీటిలో. మూతి నుంచి గిట్టల దాకా దాని ఒంటి నిరోధం సుమారు 500 ఓములే. ఒకటి, రెండు వోల్టులు మన చేతికి తెలియవు, ఆవుకు తెలుస్తాయి. అది నీళ్లు తక్కువ తాగుతుంది, నీళ్లు తగ్గితే పాలు తగ్గుతాయి.

కనిపెట్టడానికి ఒక సాయంత్రం చాలు. తొట్టిలోకి వచ్చే ఇనుప పైపుకు మల్టీమీటరు ఒక కొస, ఆవు వెనక కాళ్లు ఆనే తడి గచ్చు మీద ఒత్తిన తడి గోనెసంచి మీది రాగి పలకకు మరో కొస, వాటి మధ్య 500 ఓముల రెసిస్టరు. మోటారు, పాలు పితికే మిషను, లైట్లు ఒక్కొక్కటీ వేస్తూ, ఆపుతూ అంకె రాసుకోండి. ఏది వేసినప్పుడు వోల్టు దాటిందో దొంగ అదే. ఎక్కువసార్లు దొరికేది బావి మోటారు కేబులు అతుకు, లేదా స్టార్టర్ డబ్బాలో తడి. మెయిన్ ఆపినా అంకె ఉండిపోతే తొందరపడి టవర్ లైనును అనకండి. మీ మెయిన్ స్విచ్చు ఫేజును మాత్రమే తెంపే రకం అయితే న్యూట్రల్ ఇంకా కలిసే ఉంటుంది, దాని మీదుగా పక్కవాళ్ల మోటారు కరెంటు మీ నేలలోకి రావచ్చు. న్యూట్రల్‌ను కూడా తెంపే రెండు పోల్‌ల స్విచ్చు పెట్టించి మళ్లీ కొలవండి. అప్పటికీ ఉంటే కరెంటు సరఫరా చేసే ఎస్పీడీసీఎల్ వాళ్లకు 1912 నంబరుకు ఫోన్ చేసి చెప్పి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి న్యూట్రల్ ఎర్తింగు చూడమని కోరండి.

మందు రెండు విధాలు. షెడ్డు సర్వీసుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించడం ఒకటి. లీకు ఆ మోతాదు దగ్గరికి రాగానే అది కరెంటు తెంపేస్తుంది. వానల్లో మాటిమాటికీ పడిపోతోందని దాన్ని దాటించి వైరు కలిపేస్తారు చాలామంది. అది పడిపోతోందంటే లీకు ఉందని అర్థం, లీకును బాగు చేయించాలి. దాని మీది టెస్టు బటన్ నెలకోసారి నొక్కండి. రెండోది తొట్టి పైపు, ఆవుల్ని కట్టే ఇనుప గొట్టాలు, నేల, అన్నిటినీ ఒకటిగా కట్టేయడం. గచ్చులో అడుగు దూరానికో గాడి కోయించి, జీఐ తీగ పరిచి, పైపుకు కలిపి పూయించాలి. అప్పుడు మూతి దగ్గరా గిట్టల దగ్గరా వోల్టేజీ ఒకటే అవుతుంది, తేడా లేకపోతే ఆవు ఒంట్లోంచి పారేదేమీ ఉండదు. ఖర్చు, దుమ్ము రెండూ ఎక్కువే. మొదటి మందుతో ఆవులు తిన్నగా నీళ్లు తాగితే ఇది వాయిదా వేయొచ్చు.

పాలు తగ్గడానికి కరెంటు ఒక్కటే కారణమని కూడా నేను ఖాయంగా చెప్పలేను. తగ్గింది ఆరింటిలో రెండింటికే కాబట్టి పొదుగు వాపు ఉందేమో పశువుల డాక్టరుకు చూపించండి. తిరుపతి పశువైద్య కళాశాల మీకు అందుబాటు దూరమే.

కోడలి విషయం. లైను దగ్గర రెండు రకాల క్షేత్రాలుంటాయి. ఇంత సేపూ చెప్పుకున్న విద్యుత్ క్షేత్రాన్ని ఇంటి గోడ, శ్లాబు, చెట్టు కూడా చాలావరకు అడ్డుకుంటాయి. సామాన్య జనానికి 50 హెర్ట్‌జ్ దగ్గర అంతర్జాతీయ మార్గదర్శక పరిమితి మీటరుకు ఐదు కిలోవోల్టులు. మీ షెడ్డు దగ్గర ఉండగలిగేది దాని కన్నా బాగా తక్కువ. తీగలో పారే కరెంటు వల్ల పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని గోడలు ఆపవు, దూరం ఒక్కటే తగ్గిస్తుంది. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్ మీద జరిగిన పరిశీలనల వల్ల 2002లో దీన్ని "క్యాన్సర్ కారకం కావచ్చేమో" అన్న వర్గంలో పెట్టారు. కారణమని తేలలేదు, కొట్టేయనూ లేదు. గర్భం మీద దుష్ప్రభావానికి తగినంత ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. కాబట్టి కోడల్ని భయంతో పుట్టింటికి పంపాల్సిన పని లేదు. ఏడో నెల వచ్చాక వేడుకగా పంపితే అది వేరు. ఆమెకు నా జాగ్రత్త ఒకటే. తొట్టి లీకు దొరికే దాకా ఆ తడి గచ్చు మీద మోటారు పనులు ఆమె చేత చేయించకండి, మీరూ చెప్పులు లేకుండా చేయకండి.

భూమి, మరిది మాట. 220 కేవీ లైను కింద, పక్కల వదలాల్సిన దారి వెడల్పు 35 మీటర్లు, అంటే నడిమి గీత నుంచి అటూ ఇటూ పదిహేడున్నర. చివరి తీగ నడిమి నుంచి నాలుగైదు మీటర్లు పక్కకు ఉంటుంది కాబట్టి, మీ షెడ్డు ఒక అంచు ఆ పట్టీలోకి చొచ్చి ఉండొచ్చు. కొత్తగా కట్టేవాటిని ఆ పట్టీ బయటే కట్టాలి. ఎండకూ లోడుకూ తీగలు సాగి కిందికి దిగుతాయి, గాలికి పక్కకు ఊగుతాయి. మీ ఎదుట మూడు దారులున్నాయి. షెడ్డు అక్కడే ఉంచి ఎర్తింగు చేయించడం చవక, కానీ రేపు టవర్ లైనును చూసుకునే ట్రాన్స్‌కో వాళ్లు అభ్యంతరం చెప్పే అవకాశం మీతోనే ఉంటుంది. ఆ వైపు రెండు వరసల రేకులు విప్పి ఎదుటి వైపు పెంచుకుంటే కొంత ఖర్చు, అభ్యంతరం తీరుతుంది, అయినా ఎర్తింగు తప్పదు. మొత్తం అమ్మేయడం మూడోది. కోపంలో, ఇలా పుకారు లేచిన రోజుల్లో అమ్మితే సగం ధరకే పోతుంది. తొట్టి తగాదా వైరింగుదైతే అది మీరు కొత్తగా కొనే చోటుకూ మీ మోటారుతో పాటే వస్తుంది.

నాకు రెండోది నచ్చుతుంది. అందుకు అవతలి వైపు చోటు చాలకపోతే మరిదిని అడగాలి. ఆయన మోసం చేశాడని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. లైను అందరి కళ్ల ముందే ఉంది, షెడ్డు ఎక్కడ వేయాలన్నది తర్వాత మీరు తీసుకున్న నిర్ణయం. అయినా మీవారి కోపం ఊరికే వచ్చిందని కూడా అనను. ఆరు ఆవుల మీద అప్పు పెట్టుకున్న మనిషికి భయం ముందు కోపంగానే బయటికొస్తుంది. తొట్టి దగ్గర అంకెలు రాసుకునే సాయంత్రం మరిదిని కూడా పిలవమనండి. మోటారు ఆపగానే మీటరులో అంకె పడిపోవడం ఇద్దరూ కలిసి చూస్తే, స్థలం మార్పిడి మాట ఎత్తడం తేలికవుతుంది. అంకె పడిపోకపోయినా, ఎస్పీడీసీఎల్ దగ్గరికి ఇద్దరు వెళ్లి అడగడం ఒక్కరు అడగడం కన్నా నయం.

లైను పట్టీలో ఖాళీ అయిన చోట పచ్చగడ్డి, వేరుశనగ వేసుకోవచ్చు. మామిడి మొక్క నాటొద్దు, పెరిగాక లైన్‌మ్యాన్ వచ్చి కొట్టేస్తాడు. స్ప్రింక్లర్ పైపులు అక్కడ నిలువుగా ఎత్తకుండా అడ్డంగా మోయమని కూలీలకు ప్రతిసారీ చెప్పండి. బట్టల తీగ బదులు నైలాన్ తాడు కట్టుకోండి, దానికి ఎర్తింగూ అక్కర్లేదు.